మన ఊరే అనిపించిన చోటే జాగ్రత్త: థాయ్ పల్లెకు వలంటీరుగా వెళ్తున్నవారికి

ప్రశ్న: "మాది ఖమ్మం. బీఈడీ అయింది. థాయ్‌లాండ్‌లో ఖోన్ కేన్ దగ్గర ఒక పల్లెటూరి ప్రభుత్వ బడిలో ఇంగ్లిషు వలంటీరుగా మే నుంచి మార్చి దాకా పనిచేసే అవకాశం వచ్చింది. ఒక థాయ్ కుటుంబంతో ఉండాలట. గుడ్డు తింటాను, మాంసం, చేపలు ముట్టను. థాయ్ ఒక్క ముక్క రాదు. అక్కడి రోజువారీ జీవితానికి ఎలా అలవాటు పడాలి? అమ్మానాన్నలకు మహా టెన్షన్‌గా ఉంది."

జవాబు:

ముందు అమ్మానాన్నల టెన్షన్ సంగతి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం ఉంది, ప్రయాణం దాదాపు మూడున్నర గంటలు. అక్కడి టైం మనకన్నా గంటన్నర ముందు. వాళ్ళు రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తే మీకు తొమ్మిదిన్నర, అంతే తేడా. ఇక పల్లెల్లో ఆడపిల్ల ఒంటరిగా నడిచి వెళ్తే వెంటపడటం, వెకిలి మాటలు అనడం నేను ఉన్న ఊళ్ళలో మన దగ్గరికన్నా చాలా తక్కువ. అక్కడ ఒంటరిగా ఉన్న ఆడదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఖోన్ కేన్ ఉన్న ఈశాన్య ప్రాంతాన్ని ఇసాన్ అంటారు. అక్కడి బడిలోనే నేను వలంటీరుగా చేశాను, తర్వాత కొత్తగా వచ్చే వలంటీర్లకు తోడుండే పని చూశాను. అమెరికా, యూరప్ నుంచి వచ్చేవాళ్ళకు మొదటి రోజులు నరకం. ఉక్కపోత, నేల మీద కూర్చోవడం, చెంబుతో స్నానం, అన్నీ కొత్తే. కొత్త కాబట్టి ప్రతిదీ ఎదుటివాళ్ళను చూసి చేస్తారు. మనవాళ్ళకు ఆ రోజులు హాయిగా గడిచిపోతాయి. చుట్టూ వరి పొలాలు, చింతచెట్లు, గేదెలు. గుమ్మం బయట చెప్పులు. ఎవరు ఎదురైనా "తిన్నావా?" "ఎక్కడికి?" అని పలకరింపు. ఇంకేముంది, మన ఊరే కదా అన్న ధీమా వచ్చేస్తుంది, మన ఊళ్ళో ఉన్నట్టే ఉండటం మొదలుపెడతాం. తలనొప్పులన్నీ అక్కడే. అందుకే పైకి ఒకేలా కనిపించి లోపల వేరుగా ఉండేవాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గొంతు. మనం ఇద్దరం మామూలుగా మాట్లాడుకుంటున్నా అక్కడివాళ్ళకు పోట్లాడుకుంటున్నట్టే వినిపిస్తుంది. సోంగ్‌థేవ్ అని వెనక రెండు బెంచీలు వేసిన పికప్ బళ్ళుంటాయి, మన షేర్ ఆటోల్లాంటివి. అందులో కూర్చుని స్పీకర్ ఆన్ చేసి అమ్మతో మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు, చిన్నగా నవ్వి అటు తిరుగుతారు. ఆ నవ్వు చూసి పర్వాలేదులే అనుకోకండి.

కోపం సంగతి ఇంకా కష్టం. బడిలో మీకు టైంటేబుల్ ఇస్తారు. రాత్రంతా కూర్చుని చార్టులు రాసుకుని క్లాసుకు వెళ్తే ఒక్క పిల్లాడూ ఉండడు. ఆటల పోటీలకు రిహార్సల్ అట. మీకు ఎవరూ చెప్పరు. ఇలాంటివి నెలకు ఒకటో రెండో ఖాయం. స్టాఫ్‌రూంలో అందరి ముందు "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారనుకోండి, న్యాయం మీ వైపున్నా తప్పు మీదే అవుతుంది. గొంతు పెంచినవాళ్ళదే తప్పు, అదొక్కటే లెక్క. మీకు తోడుగా పెట్టిన టీచరు నవ్వి ఊరుకుంటుంది, ఆ మర్నాటి నుంచి మీ పక్కన కూర్చుని అన్నం తినడం మానేస్తుంది. అదే ఆమెను విడిగా, ఒక కూల్ డ్రింక్ చేతిలో పెట్టి, "అక్కా, రేపు క్లాసు ఉందా?" అని ముందురోజే అడిగితే అంతా చెప్పేస్తుంది. నా సలహా, ప్రతి సాయంత్రం ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. అక్కడ వాట్సాప్ కన్నా లైన్ యాప్ ఎక్కువ వాడతారు, బడి గ్రూపు కూడా అందులోనే ఉంటుంది. అందులో వచ్చే థాయ్ మెసేజీని ఫోన్‌లోనే అనువాదం చేసుకోవచ్చు.

మొహం మీద కాదనడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఈ విషయంలో మనకు కాస్త నయం, ఎందుకంటే "చూద్దాం లేండి" అంటే పని కాదని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ మీరు మాట్లాడుతుంటే ఆడవాళ్ళు "ఖా, ఖా" అంటారు, మగవాళ్ళు "ఖ్రాప్" అంటారు. చాలాసార్లు వింటున్నాం అనడానికి అంటారు, ఒప్పుకున్నట్టు లెక్కేసుకోకండి. మీరు కూడా ప్రతి మాట చివర "ఖా" తగిలించండి, మన "అండీ"లాగా. థాయ్ ఎంత తప్పుగా మాట్లాడినా ఆ ఒక్కటీ ఉంటే క్షమించేస్తారు. పెద్దవాళ్ళని "ఫీ", చిన్నవాళ్ళని "నోంగ్" అని పిలవడం అన్నా, అక్కా, తమ్ముడూ అన్నంత సులువుగా వచ్చేస్తుంది. అందుకే మీ వయసెంత అని మొదటి నిమిషంలోనే అడుగుతారు. జీతం, పెళ్ళి కూడా అడుగుతారు. "లావయ్యావే" అని మొహం మీదే అంటారు. అమెరికా అమ్మాయిలు దీనికి ఏడుస్తారు, మేనత్తల మధ్య పెరిగిన మనకు ఇదొక లెక్కా!

అవునూ కాదూ కాకుండా తల ఊపే మన అలవాటు అక్కడ ఎవరికీ అర్థం కాదు. నోటితో చెప్పండి.

ఇప్పుడు తల, కాళ్ళు. రెండూ మనకు తెలుసనుకుంటాం. పిల్లవాడు బాగా చదివితే మనం తల నిమురుతాం, అక్కడ తల మీద చెయ్యి వేయడం మర్యాద కాదు, బయటివాళ్ళు వేస్తే మరీ ఎబ్బెట్టు. భుజం తట్టడం, చప్పట్లు కొట్టించడం చాలు. మీరుండే ఇంటి పెద్దావిడ కాళ్ళకు దండం పెడితే ఆవిడ కంగారుపడుతుంది. చేతులు జోడించి తల వంచితే సరిపోతుంది. దీన్ని వాయ్ అంటారు, మన నమస్కారమే. కానీ దీనికి ఎత్తుపల్లాలున్నాయి. తోటివారికి బొటనవేళ్ళు గడ్డం దగ్గర, పెద్దలకు ముక్కు కొస దగ్గర, భిక్షువులకు కనుబొమల మధ్య. చిన్నవాళ్ళు ముందు పెట్టాలి, పెద్దవాళ్ళు తిరిగి పెడతారు. పొద్దున గేటు దగ్గర పిల్లలందరూ మీకు పెడతారు, మీరు చేతులు ఛాతీ దగ్గర ఉంచి చిన్నగా తల ఊపితే చాలు. షాపులో బిల్లు కొట్టే అమ్మాయికి కూడా నుదురు దాకా చేతులెత్తితే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేదు. భిక్షువులు తిరిగి పెట్టరు, అది మామూలే.

నేల మీద కూర్చోవడం మనకు వచ్చు. గుళ్ళో మాత్రం బాసింపట్టు వేయకండి, ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఒక పక్కకు మడిచి కూర్చుంటారు. మొదట్లో కాలు తిమ్మిరెక్కి లేవలేరు. పాదాలు బుద్ధుడి వైపు గానీ మనుషుల వైపు గానీ చాపకూడదు. కూర్చున్న పెద్దల మధ్య నుంచి వెళ్ళాల్సి వస్తే నడుము వంచి, ఒక చెయ్యి కిందికి పెట్టి వెళ్ళాలి. దీన్ని మీకు ఎవరూ చెప్పరు, కానీ చేస్తే ఊరంతా చెప్పుకుంటారు. భిక్షువులను ఆడవాళ్ళు తాకకూడదు, చేతికి చెయ్యి తగిలేలా ఏదీ ఇవ్వకూడదు. పొద్దున్నే వీధిలో వాళ్ళకు బిచ్చం వేసేటప్పుడు చెప్పులు విడిచి, పాత్రలో ముద్దను మెల్లగా వదలండి.

తిండి దగ్గరికి వద్దాం. మీకు అసలు పరీక్ష ఇక్కడే.

ఇసాన్‌లో జిగురు బియ్యం తింటారు, ఖావ్ నియావ్ అంటారు. ఆవిరి మీద ఉడికించి వెదురు బుట్టలో పెడతారు. చిన్న ముద్ద తుంచి, వేళ్ళతో నొక్కి, మధ్యలో ఉన్న గిన్నెల్లో అద్దుకుని తినాలి. చేత్తోనే కాబట్టి మనకు పండగ. అలా అని మామూలు అన్నం పెట్టినప్పుడు కూడా చేత్తో కలిపేస్తే అందరూ ఆగి చూస్తారు. దానికి కుడిచేతిలో స్పూను, ఎడమచేతిలో ఫోర్కు, ఫోర్కుతో స్పూనులోకి తోసుకోవడం. చాప్‌స్టిక్స్ అనే పుల్లలు నూడుల్స్‌కే. మరో సంగతి, జిగురు బియ్యం కొద్దిగా తిన్నా మధ్యాహ్నం కళ్ళు మూసుకుపోతాయి. మధ్యాహ్నం క్లాసు పెట్టుకున్నవాళ్ళు చూసుకోవాలి.

కూరల్లో సంకటం ఏమిటంటే, చేప కంటికి కనపడదు. నామ్ ప్లా అనే చేపల సాస్ మన ఉప్పు స్థానంలో ఉంటుంది. ఆమ్లెట్‌లో కూడా వేస్తారు. వేపుళ్ళలో ఆయిస్టర్ సాస్, నూరిన మసాలా ముద్దల్లో రొయ్యల ముద్ద. ఇసాన్‌లో వీటన్నిటినీ మించినది ప్లా రా, మాగబెట్టిన చేపల ఊట. సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి సలాడ్. ఆ బండి దగ్గర నిలబడి అమ్మే ఆవిడను చూడండి. మట్టి రోట్లో మిరపకాయలు, వెల్లుల్లి దంచి, తాటి బెల్లం, నిమ్మరసం, టమాటా, పొడవు చిక్కుళ్ళు వేసి, పచ్చి బొప్పాయి తురుము పడేసి కర్ర రోకలితో దంచుతూ గరిటెతో తిప్పుతుంది. మన రోటి పచ్చడి చేసినంత హుషారుగా ఉంటుంది, నోరూరుతుంది. ఈలోగా పక్కన కుండలోంచి నల్లటి ఊట ఒక గరిటె పడనే పడుతుంది. చెప్పాలనుకున్నది ఆమె మిరపకాయలు చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి: "మై సాయ్ ప్లా రా, మై సాయ్ నామ్ ప్లా ఖా." అవి రెండూ వేయవద్దు అని. ఎండు రొయ్యలు వద్దని కూడా చెప్పాలి. మిరపకాయలు ఎన్ని అని అడుగుతుంది. ఖమ్మం పిల్లనని పది అనకండి, ఆ బుడ్డ మిరపకాయలు వేరే జాతి. అంతా చెప్పినా అదే రోలు, అదే రోకలి, వాసన కొంత ఉంటుంది.

అందుకని వెళ్ళకముందే మీకు మీరు తేల్చుకోండి, గీత ఎక్కడ గీస్తారు? ముక్క కనపడకపోతే చాలా, లేక సాస్ కూడా కుదరదా? రెండోదైతే పల్లెలో పది నెలలు బయట తినడం చాలా కష్టం, రోజుకు ఒక పూటైనా సొంతంగా వండుకోవాలి. తప్పని కాదు, ముందే తెలిసి వెళ్ళాలని చెబుతున్నాను. "కిన్ జే" అంటే మాంసం, చేపలు, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా లేని తిండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది జే కొట్టు. ఏటా అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల జే పండగ వస్తుంది, అప్పుడు మీకు ఎక్కడ చూసినా తిండే. మిగతా రోజుల్లో "కిన్ జే, కిన్ ఖాయ్ దాయ్" అనండి, జే తింటాను, గుడ్డు పర్వాలేదు అని. దీన్ని ఇంటివాళ్ళతో థాయ్‌లో ఒక కాగితం మీద రాయించి పర్సులో పెట్టుకోండి. మొహమాటానికి మొదటి రోజు ఒక ముక్క తిన్నారో, ఇక తింటుందనే లెక్క.

వంట చేసుకోవడం ఇబ్బందేం కాదు. చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, పచ్చి పసుపు సంతలో దొరుకుతాయి. పొట్టు తీసిన పెసరపప్పు కూడా దొరుకుతుంది, వాళ్ళు మిఠాయిలకు వాడతారు. కందిపప్పు, మసాలాలు కావాలంటే బ్యాంకాక్‌లో పహురత్ అనే మనవాళ్ళ బజారుకు వెళ్ళాలి. ఆవాలు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు ఇంటి నుంచి తీసుకెళ్ళండి. ఒకసారి మీరే పప్పుచారు పెట్టి ఇంట్లో అందరికీ వడ్డించండి. పుల్లగా, కారంగా ఉంటే ఇసాన్‌వాళ్ళు వదలరు.

ఇంట్లో రోజుకు రెండు స్నానాలు తప్పనిసరి అనుకోండి. సాయంత్రం ఇంటికి రాగానే "స్నానం చేశావా?" అంటే మీ మంచికే. పొద్దున ఆరింటికో ఇంకా ముందో ఊరి పెద్ద మైకులో వార్తలు, పాటలు వేస్తాడు, చెవిలో దూది పెట్టుకోవడం తప్ప దారి లేదు. పెళ్ళికీ, చావుకీ, గుడి విరాళానికీ మీ చేతికి ఒక కవరు ఇస్తారు. మన చదివింపులే. వాలంటీరని అందరికీ తెలుసు కాబట్టి పెద్ద మొత్తం ఆశించరు. ఇరవయ్యో, యాభయ్యో, వందో బాట్‌లు, మీ స్తోమతు కొద్దీ పెట్టండి, ఖాళీగా మాత్రం తిరిగి ఇవ్వకండి.

మీరు వచ్చిన కొత్తలోనో, వెళ్ళేటప్పుడో బాయ్‌సీ సూ ఖ్వాన్ అనే వేడుక చేయవచ్చు. చాప మీద అరటాకులతో గోపురంలా కట్టి, బంతిపూలు, ఉడికించిన గుడ్లు, జిగురన్నం పెడతారు. ఒక పెద్దాయన పాటలాగా మంత్రం చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి మీ అరచేతిలో గుడ్డు పెట్టి, మణికట్టు మీద తెల్లదారంతో నిమిరి, దీవిస్తూ ముడి వేస్తారు. దూరంగా ఉన్నవాళ్ళు ముందువాళ్ళ మోచెయ్యి పట్టుకుంటారు, దీవెన అందరిదీ కావాలని. కాసేపటికి రెండు మణికట్లూ దారాలతో నిండిపోతాయి. మీకు అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు, అయినా కళ్ళు తడవకుండా లేచినవాళ్ళను నేను చూడలేదు. ఆ దారాలను కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి. తర్వాత కత్తిరించకండి, ముడి విప్పి తీయండి, చెత్తబుట్టలో వేయకండి.

బడిలో ఇంకో మాట, ఎవరూ మీకు చెప్పనిది. ఇంగ్లిషు టీచరు అనగానే ఊరివాళ్ళు తెల్లవాళ్ళను, అంటే ఫరాంగ్‌ను ఊహించుకుంటారు. మిమ్మల్ని చూసి కొందరి మొహాల్లో ఆశ్చర్యం కనపడుతుంది. మనవాళ్ళను ఖేక్ అంటారు, కాస్త చులకనగా వినిపించే మాటే, కానీ పల్లెల్లో చాలామంది ఏ దురుద్దేశం లేకుండానే అంటారు. నలుపు గురించి పిల్లలు అడుగుతారు, తెల్లబడే క్రీముల పిచ్చి అక్కడా మన దగ్గరంతే ఉంది. బాధగానే ఉంటుంది, ఉండదని అబద్ధం చెప్పను. కానీ పిల్లలు త్వరగా మరిచిపోతారు. పైగా రెండో భాషగా ఇంగ్లిషు నేర్చుకున్నవాళ్ళకే ఎక్కడ నాలుక తడబడుతుందో తెలుస్తుంది, ఈ పనికి అది మంచి అర్హత.

బట్టలు: మోకాళ్ళు దాటిన స్కర్టు, చేతులున్న జాకెట్టు. ప్యాంటు వేయవచ్చో లేదో బడిని అడగండి. వారంలో ఒక రోజు స్థానిక నేత బట్టలు కట్టుకునే అలవాటు చాలా బళ్ళలో ఉంది. ఖోన్ కేన్ ప్రావిన్సులోని చొన్నబోత్ మడ్‌మీ పట్టుకు పేరు. దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్ది నేస్తారు, అచ్చం మన పోచంపల్లి ఇక్కత్ పద్ధతే. ఇంటి పెద్దావిడకు బహుమతిగా పోచంపల్లి గుడ్డ ఒకటి తీసుకెళ్ళండి, నేత తెలిసినవాళ్ళు దాన్ని తిరగేసి మరీ చూస్తారు.

రామాయణం వాళ్ళకూ ఉంది, రామకియెన్ అంటారు. కానీ అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, మహా సరసుడు. రావణుడి కూతురైన మత్స్యకన్యతో ప్రేమకథ కూడా ఉంది. "మీది తప్పు, అసలుది మాది" అని దిద్దబోకండి. కార్తీక పౌర్ణమి నాడు మనం అరటి దొప్పల్లో దీపాలు వదిలినట్టే వాళ్ళు లోయ్ క్రథోంగ్ పండక్కి అరటి బోదె మీద దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. ఆ రోజు ఇంటి బెంగ ఎక్కువవుతుంది, లేదా పూర్తిగా పోతుంది.

రాజు, రాజకుటుంబం మీద ఏ వ్యాఖ్యా వద్దు, జోకు కూడా, ఫేస్‌బుక్‌లో కూడా. శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. పొద్దున 8కీ, సాయంత్రం 6కీ బస్టాండ్లలో జాతీయగీతం వస్తుంది, అందరితో పాటు నిలబడండి. ప్యాకెట్ మీద 2569 అని కనిపిస్తే కంగారుపడకండి, బౌద్ధ శకం, 543 తీసేస్తే 2026. రాత్రి టైం చెప్పేటప్పుడు ఏడింటి నుంచి మళ్ళీ ఒకటి, రెండు అని లెక్కపెడతారు, వాళ్ళ "మూడు" మన తొమ్మిది కావచ్చు. పిలుపుకు గంటల కొద్దీ ముందో, ఆలస్యంగానో వెళ్ళకుండా చేత్తో గడియారం చూపించి అడగండి.

స్కూటీ నడిపే ఆలోచన ఉంటే టూవీలర్ ఉన్న ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి. బళ్ళు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, కానీ అక్కడి రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలో ఎక్కువమంది టూవీలర్ల మీదివాళ్ళే. హెల్మెట్ లేకుండా పక్క వీధికి కూడా వద్దు. వీధికుక్కలు ఎక్కువ, రేబీస్ టీకా వేయించుకుని వెళ్ళండి. చలికాలం నుంచి చెరుకు తోటలు తగలబెట్టే పొగ వస్తుంది, ఉబ్బసం ఉంటే మందులు దగ్గర ఉంచుకోండి.

చివరగా కాగితాలు, వీటిలో మొహమాటం పనికిరాదు. జీతం లేకపోయినా వలంటీరు పని థాయ్ చట్టం దృష్టిలో పనే. టూరిస్టుగా దిగి బడిలో పాఠం చెప్పడం కుదరదు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా, వర్క్ పర్మిట్ రెండూ కావాలి. "అందరూ ఇలాగే వస్తారు, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, చూద్దాం అంటే ఏమిటో మనకు తెలుసు. థాయ్‌లాండ్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. మీరు దిగాక 24 గంటల్లో ఇంటివాళ్ళు మీ సంగతి ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి, పల్లెల్లో చాలామందికి ఇది తెలియదు, మీరే గుర్తుచేయండి. ఆ తర్వాత ప్రతి 90 రోజులకు మీ చిరునామా మీరు తెలియజేయాలి. మధ్యలో సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా బయలుదేరకండి, వీసా అక్కడితో రద్దయిపోతుంది. గడువు దాటితే రోజుకు 500 బాట్‌ల జరిమానా, గరిష్ఠంగా 20,000. వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారు, ఖర్చు ఎవరిది, ఎప్పటికి చేతికొస్తుంది అని ఆ సంస్థకు ఈరోజే మెయిల్ పెట్టండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే టికెట్ కొనండి.